ఒబ్రెన్ వైపు వాలు

గోస్పవ ఆ కొండ మీది ఊరికి కోడలిగా వచ్చిన రోజున మామగారు ఆమెకు మొదట చూపించింది పొయ్యీ కాదు, బావీ కాదు, గోడ. మెట్టినింట్లో ఇంకా చెప్పులు కూడా విప్పలేదు. ముసలి మిలుతిన్ పెరట్లోకి తీసుకుపోయి, "చూడు తల్లీ, ఇది నా చేత్తో పేర్చిన గోడ. సున్నం లేదు, మట్టి లేదు, రాయి మీద రాయి, అంతే. దీని మీద గుడ్డలారెయ్యకు," అన్నాడు. కొత్త కోడలితో అనే మాటలా అవి? ఈ ఇంట్లో మనుషుల కంటే రాళ్ళకే మర్యాద ఎక్కువని గోస్పవ ఆ పూటే అనుకుంది. తర్వాత గడిచిన ఇన్నేళ్ళలో ఆ అనుకోవడం తప్పని తేల్చిన రోజు ఒక్కటీ రాలేదు.

ఆ కొండల్లో మట్టి అంటే బంగారం. బండల సందుల్లో దొరికిన ఎర్రమట్టిని బుట్టలకెత్తి తెచ్చి పోసుకుంటేనే పెరడు. ఆ పెరడును బతికున్నప్పుడే మిలుతిన్ ఇద్దరు కొడుకులకూ పంచాడు. గోడకు ఇవతలి సగం పెద్దవాడు తాదియకు, అంటే గోస్పవ మొగుడికి. అవతలి సగం చిన్నవాడు ఒబ్రెన్‌కు. పంచినవాడు అన్నీ పంచాడు గానీ గోడ ఎవరిదో మాత్రం చెప్పకుండా పోయాడు. చెప్పనక్కర్లేదనుకున్నాడు కాబోలు. అక్కడ గోడలకు కాగితాలుండవు, వాలు ఉంటుంది. గోడ నెత్తిన పరిచిన పలకరాళ్ళు ఎటు వాలి ఉంటే, వాన నీళ్ళు ఎవరి పెరట్లోకి జారితే, గోడ వాళ్ళది. గోడ నాదంటే దాని నీళ్ళు కూడా నేనే మోసుకుంటానని ఒప్పుకోవడం. పసిపిల్లలకు కూడా తెలిసిన లెక్క అది ఆ రోజుల్లో.

పెరడంతా ఒక్కటిగా ఉన్నన్నాళ్ళు వాలు ఎటుందో ఎవరు చూశారు? చూడవలసిన అవసరం వచ్చేసరికి భూకంపం వచ్చింది. ఇళ్ళు కూలిన ఆ ఏడు గోడ నిలబడింది గానీ, దాని నెత్తిమీది పలకలన్నీ అటు కొన్ని ఇటు కొన్ని రాలిపోయాయి. తాదియ పోగేసి మళ్ళీ పరవబోయాడు, వాలు తన వైపు పెట్టి. ఒబ్రెన్ అడ్డం వచ్చాడు. "నాన్న వాలు నా వైపు పెట్టాడు," అన్నాడు. "నీ మొహం, నా వైపు," అన్నాడు తాదియ. కడుపున పుట్టిన ఇద్దరూ ముసలాడి మొండితనాన్ని సమానంగా పంచుకున్నారు, ఆ పంపకంలో మాత్రం ఏ పొరపాటూ లేదు. ఆ రోజు ఆగిన పలకలు గడ్డిలో కూరుకుపోయాయి. గోడ తలలేని మొండెంలా అలాగే ఉండిపోయింది. ఏటేటా చలికాలపు గాలికి పైవరస రాళ్ళు రాలుతూనే ఉన్నాయి. రాలిన రాయిని ఎవరివైపు పడితే వాళ్ళు మళ్ళీ పైన పెట్టేవారు, మారు మాట్లాడకుండా.

మాటలంటే గుర్తొచ్చింది. అన్నదమ్ములిద్దరూ ఆ రోజు నుంచి మాట్లాడుకోలేదు. ఒకే ఇంటి దైవం, పునీతుడు లూకా పండగని ఒకే రోజున, రెండు ఇళ్ళలో, రెండు రొట్టెలు కోసుకుని చేసుకునేవారు. వచ్చిన చుట్టాలు ఇక్కడ సగం తిని అక్కడ సగం తినేవారు. పనిపడితే గోస్పవ తన కోడికి చెప్పేది, అవతల ఒబ్రెన్‌కు వినపడేలా. ఒబ్రెన్ తన గాడిద సివోన్యకు చెప్పేవాడు, ఇవతలికి వినపడేలా. "కోడమ్మా, రేపు నీళ్ళ బండి రాదంట, తొట్టి నింపుకోమనవే." "సివోన్యా, దారిలో పాముంది, కొందరు చీకట్లో కట్టెలకి పోకుండా ఉంటే మంచిది." అలా కాపురాలు నడిచాయి. గోస్పవకు పుట్టిన పిల్లలు ఊయల దాటలేదు. ఒబ్రెన్ భార్య కీళ్ళ జబ్బుతో ముందే పోయింది, ఉన్న ఒక్క కూతురూ పెళ్ళై పట్నంలో ఉంది. చివరికి ఆ గోడకు అటొక మనిషి, ఇటు ఇద్దరు, ఒక కోడి, ఒక గాడిద మిగిలారు.

తాదియ వయసంతా రాతి గనిలో పనిచేశాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని ముసలితనంలో గొంతు పట్టుకుంది. ఎండాకాలం చివరికి మంచానికి అతుక్కున్నాడు. మంచం కిటికీ పక్కన వేశారు. అక్కడి నుంచి గోడ ఇవతలి మొహం కనపడుతుంది, గోడ నెత్తి కనపడదు, ఒబ్రెన్ ఇల్లు అసలే కనపడదు. రోజూ తెల్లవారగానే మనిషి అడిగేది ఒకటే.

"పొగ వస్తోందా?"

"ఎవరి పొగ?" గోస్పవకు తెలుసు, అయినా అడిగేది.

"ఎవరిదో ఒకరిది. తల బయటపెట్టి చూడు."

ఆమె కిటికీలోంచి వంగి గోడ అవతలి పొగ గొట్టం చూసేది. "వస్తోంది."

"ఊఁ," అని అప్పుడు కాఫీ అడిగేవాడు. పొగ కబురు తెలియనిదే కాఫీ గుటక దిగేది కాదు ఆ మహానుభావుడికి. తమ్ముడు బతికున్నాడో లేదో తెలుసుకోవడానికి ఇంత తిప్పలు. గోడ ఎక్కి చూస్తే ఒక్క నిమిషం పని.

ఒక పొద్దున పొగ సంగతి విన్నాక కాఫీ అడగలేదు. "గోడకు తల పెట్టించు," అన్నాడు.

"ఇప్పుడా?"

"ఇప్పుడు కాక నేను పోయాకా? పలకలు వద్దు. కాంక్రీటు పోయించు, ఇనుము వేసి. మేస్త్రి బ్లగోయెని పిలువు. వాలు మనవైపు."

"ఒబ్రెన్ ఊరుకుంటాడా?"

తాదియ దగ్గాడు, దగ్గు తగ్గాక నవ్వాడు. "మంచం మీద మనిషిని చూసి ఎవడు ఆపుతాడే? ఊరు ఉమ్మేస్తుంది. ఇన్నాళ్ళూ ఆపాడు. ఈసారి ఆపలేడు."

తన చావును కూడా కూలికి పెట్టుకుంటున్నాడని గోస్పవకు అర్థమైంది. కోపం వచ్చింది. కోపం వెనకాలే భయం వచ్చింది. ఆ కొండల్లో చావింటి ముందు మగవాళ్ళు వరసగా నిలబడి పరామర్శ అందుకుంటారు. వరస మొదట్లో కొడుకు నిలబడాలి. కొడుకు లేకపోతే తమ్ముడు. వచ్చిన ప్రతివాడూ ఆ చెయ్యి పట్టుకుని ముద్దుపెట్టుకుని ముందుకు సాగుతాడు. తాదియకు కొడుకు లేడు. వాలు ఇటు పోస్తే, కాంక్రీటు గట్టిపడక ముందే ఒబ్రెన్ మనసు గట్టిపడిపోతుంది. ఆ వరస మొదట్లో గాలి నిలబడుతుంది. ఆమె మొగుడు అన్నదమ్ములు లేని అనాథలాగా మట్టిలోకి పోతాడు. రోజూ పొగ కోసం అడిగే మనిషి.

ఆలోచించిందంటే ఏమంత ఆలోచించలేదు. రొట్టె పొయ్యిలో పెట్టి తీసేలోపు నిర్ణయమైపోయింది.

మేస్త్రి బ్లగోయె వచ్చాడు. భూకంపం తర్వాత పట్నం నుంచి ఇంజనీర్లు వచ్చి ఇళ్ళ గోడలకు పైన ఇనుము వేసి కాంక్రీటు అంచు పొయ్యమని చెప్పి పోయిన నాటి నుంచి బ్లగోయెకు చేతినిండా పని. భయపడ్డ జనం ఇళ్ళకే కాదు, మేకల దొడ్డికీ, బావి గట్టుకూ, సమాధులకూ కూడా పోయించారు. ఒకాయన కోళ్ళ గూడుకు కూడా. కోళ్ళు చచ్చేదాకా గుడ్లు పెట్టకుండా బిగుసుకుపోయి కూర్చున్నాయని ఊరంతా నవ్వుకుంది.

పైవరసలో కదిలే రాళ్ళు తీసి, గట్టిగా ఉన్నవి బిగించి, రెండు వైపులా సెంట్రింగు చెక్కలు ఆనించాడు బ్లగోయె. రసమట్టం పెట్టి ఒక కన్ను మూసి చూశాడు.

"ఎటు పొయ్యాలి అక్కా, వాలు?" అన్నాడు. అడగనక్కర్లేని ప్రశ్న అన్నట్టే అడిగాడు.

"ఒబ్రెన్ వైపు."

బ్లగోయె మూసిన కన్ను తెరిచాడు. ఇంటి కిటికీ వైపు చూసి గొంతు తగ్గించాడు. "తాదియ చెప్పాడా?"

"చెప్పేది నేను. నీ ముందు నిలబడింది నేను కాదా?"

"అక్కా, నన్ను ఇందులోకి లాగకు. నాకు ఇద్దరితోనూ పనుంది. చెక్కలు రెండూ ఒకే ఎత్తున కొడతాను. కాంక్రీటు నింపుతాను. పైన సదిరే టయానికి నాకు ఆకలేస్తది. పోయి తింటాను. ఆ తర్వాత ఎవరు ఎటు గీకారో నేను చూడలేదు."

"పిరికి సన్నాసి."

"పిరికోణ్ణే అక్కా. అందుకే రెండిళ్ళలోనూ నాకు అన్నం పెడతారు."

"సరే, ఇనుము మాత్రం లావుది వెయ్యి. సన్నవి కాదు. సిమెంటు కూడా తక్కువ చెయ్యకు. మళ్ళీ ఏ మగాడూ దీని మీద చెయ్యి పెట్టి మార్చకూడదు."

"ఇది పెరటి గోడ అక్కా, వంతెన కాదు."

"వంతెనే అనుకో," అంది గోస్పవ.

బ్లగోయె తల గోక్కుని, లావు ఊచలు పొడుగునా పరిచి, రింగులు వంచి కట్టుతీగతో బిగించాడు.

కాంక్రీటు పోసే రోజున ఆ ఊళ్ళో పిలుపులుండవు. మిక్సర్ మోత వినపడితే చాలు, పార భుజాన వేసుకుని జనం వచ్చేస్తారు. పడని వాళ్ళయినా వస్తారు. ఆ ఒక్క పూట తగువు పక్కన పెట్టి బొచ్చెలందించి, తిని, తాగి, మళ్ళీ మర్నాటి నుంచి తిట్టుకుంటారు. గోస్పవ నమ్ముకున్నది దాన్నే. తెల్లవారుజామునే లేచి గొర్రెమాంసం, బంగాళాదుంపలు ఇనుప మూకుడు కింద నిప్పుల్లో పెట్టింది, పెరటి ఆకుకూర ఉడికించింది, జున్ను తీసింది, ద్రాక్ష సారా సీసా తుడిచి పెట్టింది. తాదియ కంచం పక్కన ఇంకొక కంచం కూడా పెట్టి, ఎవరైనా చూస్తారేమోనని దాని మీద గుడ్డ కప్పింది.

మిక్సర్ గొణగడం మొదలుపెట్టింది. నలుగురైదుగురు వచ్చారు, ఉన్నదే అంతమంది. పక్కింటి యోక వంట సాయానికి వచ్చింది. అవతల దానిమ్మ చెట్టు కింద ఒబ్రెన్ కూడా వచ్చాడు, తన పెరట్లోకి. గోడకు వీపు పెట్టి గాడిద ఒళ్ళు దువ్వుతున్నాడు.

"విన్నావా సివోన్యా, గోడకు టోపీ పెడుతున్నారు," అన్నాడు గట్టిగా. "ఇన్నేళ్ళు చలికి వణికింది పాపం, ఇప్పుడు జాలేసింది."

గోస్పవ కోడిని చంకలో పెట్టుకుంది. కోడి ఆ పనికి అలవాటు పడిపోయింది. "కోడమ్మా, కొందరికి చెవులున్నాయి గానీ కాళ్ళు లేవే. మిక్సర్ మోత వింటారు, అడుగు తీసి అడుగు వెయ్యరు."

"సివోన్యా, నిన్నెవరైనా పిలిచారా? నన్నయితే పిలవలేదు."

"మిక్సరుకు పిలుపేంటే కోడీ? ఈ ఊళ్ళో పుట్టి, ఈ ఊళ్ళో నెరిసిన తలకి నేను చెప్పాలా?"

బొచ్చెలందిస్తున్న వాళ్ళు నవ్వు ఆపుకోలేక కాంక్రీటు ఒలకబోశారు. "ఒబ్రెనూ, గాడిదని పంపించు, నువ్వు రాకపోయినా పోనీ, అది మోస్తది!" అని అరిచాడొకడు. ఒబ్రెన్ కూడా నవ్వాడు, వీపు కదిలింది. ఆ వీపు కదలడం చూసి గోస్పవ గుండె ఒక్క క్షణం తేలికైంది. నవ్వే మనిషి ఇటు తిరుగుతాడేమో అని చూసింది. తిరగలేదు. దువ్వెన గాడిద వీపుమీద పెట్టేసి ఇంట్లోకి పోయాడు.

చెక్కల మధ్య కాంక్రీటు నిండింది. బ్లగోయె ఊచతో పొడిచి గాలి పోగొట్టాడు, పార కడిగాడు, పొట్ట తడుముకుని, "ఆకలి," అన్నాడు. అందరూ ద్రాక్ష పందిరి కిందికి పోయారు. యోక వడ్డన చూసుకుంది.

గోస్పవ తాపీ పట్టుకుని గోడ దగ్గర ఒక్కతే నిలబడింది. తాపీ ఆమె చేతికి లొంగలేదు. నాలుగు చోట్ల గీకి పక్కన పడేసింది. అరచేతులు తడుపుకుని, జంతికల పిండి కంటే గట్టిగా ఉన్న ఆ బూడిద ముద్దను అవతలి వైపు రెండు వేళ్ళ లోతు తీసేసి, ఇవతలి నుంచి అవతలికి నిమురుతూ పోయింది, పొయ్యిలో పెట్టబోయే రొట్టె మీద చెయ్యి నిమిరినట్టు. సిమెంటు చర్మాన్ని కొరికింది. చివరిదాకా పోయి వంగి చూసుకుంది. వాలు స్పష్టంగా ఉంది. అంత అందమైన పని ఆమె చేతులు ఎప్పుడూ చెయ్యలేదు, ఎవరికీ చూపించలేని పని కూడా ఎప్పుడూ చెయ్యలేదు.

"అయిందా?" లోపలి నుంచి తాదియ.

"అయింది."

"ఎటు?"

"నువ్వు చెప్పినట్టే."

గుడ్డ కప్పిన కంచం సాయంత్రం దాకా అలాగే ఉంది. యోక గుడ్డ ఎత్తి చూసి, మళ్ళీ దించి, ఏమీ అడగలేదు. ఎప్పుడూ నోరు ఊరుకోని మనిషి ఆ ఒక్కసారి ఊరుకోవడమే గోస్పవకు ఎక్కువ బాధనిపించింది.

కొత్త కాంక్రీటుకు దాహం ఎక్కువ. గోనెపట్టాలు కప్పి పొద్దున, సాయంత్రం నీళ్ళు పొయ్యమని చెప్పిపోయాడు బ్లగోయె. గోస్పవ బకెట్లతో పోసింది. పోస్తూ అవతలికి చెవి పెట్టేది. నీళ్ళు ఒబ్రెన్ వైపు జారి అతని ఉల్లినారు మీద టపటపా పడేవి. వింటాడు, చూస్తాడు, అర్థం చేసుకుంటాడు. ఒకరోజు పోయింది. ఇంకొకటి పోయింది. అవతల గాడిదతో కూడా మాటల్లేవు.

కానీ ఇవతల ఒక మనిషి చూస్తున్నాడని ఆమె మరిచిపోయింది. నీళ్ళ కోసం ఆకాశం వైపు చూస్తూ బతికినవాడు, నీటి దారి వాడికి ఒకరు చెప్పాలా? మూడో నాడో నాలుగో నాడో ఖాళీ బకెట్‌తో లోపలికి వస్తే తాదియ అడిగాడు, మామూలు గొంతుతోనే.

"ఇన్ని నీళ్ళు పోస్తున్నావు. గోడ మన మొహం పొడిగా ఉందేం?"

"గోనెలు తాగేస్తున్నాయి."

"ఊఁ."

అంతే. కిటికీ వైపున్న తల అటు తిప్పుకున్నాడు, గది గోడవైపుకి. మర్నాడు తెల్లవారి గోస్పవ కిటికీ తెరిచి, వంగి చూసి, అడగకుండానే చెప్పింది: "పొగ వస్తోంది." కాఫీ తెచ్చి పెట్టింది. చల్లారిపోయింది.

ఆ రోజే అవతల గాడిదతో మాట మొదలైంది.

"సివోన్యా, వాన లేకుండా మన ఉల్లినారు తడుస్తోంది." గరుకు అరచెయ్యి కాంక్రీటు మీద రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. "గోడ మనదంటున్నారు చూడు. ఎవరంటున్నారు? ఇది తాపీ చెయ్యి కాదు. రొట్టె చెయ్యి. మా అన్నకి రొట్టె చెయ్యడం రాదు."

గోస్పవ కోడి కోసం చూసింది. కోడి ఎక్కడో ఎరువు గోతిలో ఉంది. ఇక కోడి లేకుండానే గోడ దగ్గరికి పోయింది. అంచు మీదుగా తల పెట్టింది. అంత దగ్గరగా ఆ మొహం చూసి ఎన్నేళ్ళయిందో. ముసలాడైపోయాడు. ముక్కు తాదియదే.

"ఒబ్రెనూ, ఆయన పోతున్నాడు. రా."

ఒబ్రెన్ టోపీ సర్దుకున్నాడు. గాడిద వైపు చూశాడు, దాని అవసరం తీరిపోయినట్టు మళ్ళీ ఇటు చూశాడు. "వాలు ఇటు పొయ్యమన్నది ఎవరు వదినా?"

వదినా. ఆ మాట వినగానే ఆమెలో గట్టిగా పట్టుకున్నదేదో జారిపోయింది. లేకపోతే అబద్ధం ఆడేదా? ఈ గోడ పని మొదలయ్యే దాకా ఆమె అబద్ధాలాడే మనిషి కాదు, ఆడవలసిన అవసరం ఎప్పుడూ రానిచ్చుకోలేదు.

"ఆయనే."

"తాదియే చెప్పాడా?"

"ఆయనే. చెయ్యి నాది, మాట ఆయనది."

ఒబ్రెన్ చాలాసేపు అంచు మీద చూపుడువేలితో గీస్తూ నిలబడ్డాడు. తర్వాత చుట్టూ తిరిగి, వీధి గుమ్మం గుండా, ముందు తలుపు తట్టి వచ్చాడు. గోడ దూకి రావచ్చు, చిన్నప్పుడు అలాగే వచ్చేవాడు. తలుపు తట్టి వచ్చాడు, కొత్త చుట్టంలా.

మంచం కాళ్ళ వైపు కూర్చుని టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. తాదియ కళ్ళు తెరిచి చూశాడు. చాలాసేపు చూశాడు. గోస్పవ ఆ చూపు చూసింది, పొరబడలేదు. అందులో ఉన్నది కోపం కాదు. గబగబా కాఫీ గిన్నె పొయ్యి మీద పెట్టింది, తొందరలో పొడి పొయ్యిలో పడింది.

"ఊపిరి ఎలా ఉంది అన్నా?"

"ఎలా ఉంటుంది? రాయిలా ఉంది."

"డాక్టరు?"

"ఆయనా రాయే."

ఒబ్రెన్ నవ్వాడు. తాదియ పెదవి కూడా ఒక మూల కదిలింది. అక్కడితో ఆగిపోయుంటే. ఇద్దరూ కాఫీ తాగి, ఏమీ అనుకోకుండా, అలా లేచిపోయుంటే. గోస్పవ ఇప్పటికీ ఆ కాఫీ కొంచెం ముందే పొంగి ఉంటే అనుకుంటూనే ఉంది.

"గోడ చూశాను అన్నా," అన్నాడు ఒబ్రెన్.

"ఏం చూశావు?"

"వాలు. చూశాను."

తాదియ మొహం మీది చర్మం లోపలికి లాక్కుంది. గోస్పవ పొయ్యి దగ్గర నుంచి మొగుడి కళ్ళలోకి చూసింది. నోరు తెరవకు అని వేడుకుంది చూపుతో. ఒక్క అబద్ధం మొయ్యమని కాదు, ఒక్క నిమిషం మాట్లాడకుండా ఉండమని. జీవితంలో అతన్ని ఆమె అడిగింది చాలా తక్కువ.

"అది నా వాలు కాదు," అన్నాడు తాదియ. "ఇది పెట్టింది. నా వాలు ఇటు."

ఒబ్రెన్ గోస్పవ వైపు తిరిగాడు. "నువ్వు చెప్పావు కదా."

"చెప్పాను. అయితే ఏంటి?" గోస్పవ గొంతు లేచింది. "ఇన్నాళ్ళూ పొద్దున్నే నీ పొగ గొట్టం చూపించుకునే మనిషి ఈయన. పొగ వస్తోందా అని రోజూ నన్ను కిటికీలోంచి వేలాడదీసిన మనిషి. అది నోటితో చెప్పలేడు, అందుకని చేత్తో చెప్పాను. తప్పా?"

"నోరు మూసుకో," అన్నాడు తాదియ. దగ్గు వచ్చింది, దగ్గుతూనే అన్నాడు: "కాంక్రీటు మార్చలేం. నీళ్ళు నీ వైపే పోతాయి. తీసుకో. కానీ నేను ఇవ్వలేదు."

ఒబ్రెన్ టోపీ పెట్టుకున్నాడు. "ఇవ్వనిది నాకెందుకు," అని లేచాడు. తలుపు దగ్గర ఆగాడు. తిరగలేదు. అప్పుడు పొంగింది కాఫీ, పొయ్యినిండా.

తాదియ ఇంకొక వారం కూడా లేడు. చివరిదాకా పొగ సంగతి అడగలేదు. గోస్పవ మాత్రం చెబుతూనే ఉంది, వస్తోంది, వస్తోంది అని, వినే చెవులున్నా లేకపోయినా.

చావింటి ముందు పరామర్శ వరసలో మొదట ఎవరు నిలబడాలో తెలియక మగవాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి బ్లగోయెను నిలబెట్టారు. రెండిళ్ళలోనూ అన్నం తిన్న మనిషి కదా. వచ్చినవాళ్ళు బ్లగోయె చెయ్యి పట్టుకుని, ఏ వరస పెట్టి పరామర్శించాలో తెలియక, గొణిగి ముందుకు సాగారు. శవపేటికను పెరటి పక్క దారిన తీసుకుపోతుంటే అవతల దానిమ్మ చెట్టు కింద ఒబ్రెన్ నిలబడి ఉన్నాడు, టోపీ చేతిలో పట్టుకుని. ఆ నెత్తి తెల్లగా, సూర్యుడెప్పుడూ చూడని తోలులా ఉంది. కాంక్రీటు అంచు మీద చెయ్యి పెట్టలేదు. దాటి రాలేదు. పేటిక మలుపు తిరగ్గానే టోపీ పెట్టుకున్నాడు. గోస్పవ చూసింది. ఏడుస్తున్న ఆడవాళ్ళ మధ్య ఆమె ఒక్కతే ఏడవకుండా చూసింది.

దినాలు అయ్యాక గనిలో తాదియ వాడిన సమ్మెట తీసింది. వయసులో రాళ్ళు మోసిన చేతులు, ఒక మూల విరగ్గొట్టలేవా అనుకుంది. కొట్టింది. పెచ్చు లేచింది. ఇంకా కొట్టింది. లోపల లావు ఊచ కనపడింది, నల్లగా, బిగుసుకుని. అక్కడితో సమ్మెట ఎగిరి వెనక్కి వచ్చింది. భుజం కలుక్కుమంది. తను అడిగి మరీ వేయించుకున్న ఇనుము.

అవతలి నుంచి గొంతు వినిపించింది, గాడిదతో కాదు. "వదిలెయ్ వదినా. అది పోదు."

"నీకెందుకు? ఇవ్వలేదన్నాడుగా."

"నాకొద్దనే అన్నాను. ఇనుము మంచిది. చేతులు పోగొట్టుకోకు."

గోస్పవ ఇంకా ఏదో అనాలని నోరు తెరిచింది. అవతల అడుగులు దూరమయ్యాయి. తలుపు వేసిన చప్పుడు.

వానలు మొదలైన నెలలోనే ఒబ్రెన్ గాడిదను అమ్మేశాడు. యోక వచ్చి చెప్పింది, పట్నంలో కూతురు దగ్గరకు పోతున్నాడని. "ఇక్కడ కాపలా కాయడానికి ఏముంది అన్నాడంట," అంది యోక. "మీ ఆయన గోడ మీద చెయ్యేస్తాడేమోనని ఇన్నేళ్ళు ఊరు కదల్లేదంట. ఇప్పుడు ఎవరున్నారంటాడు."

"నేనున్నాను," అంది గోస్పవ.

"నువ్వున్నావులే," అంది యోక. చిక్కుళ్ళు ఒలుస్తూ తల వంచేసింది.

ఒబ్రెన్ పోయే రోజున గోస్పవ కోడిని చంకలో పెట్టుకుని గోడ దగ్గరికి పోయింది. ఏమైనా చెప్పాలంటే చెప్పడానికి. అవతల తాళం వేసిన చప్పుడు, కారు చప్పుడు, అంతే వినిపించాయి. కోడికి చెప్పవలసినది చెప్పింది, గట్టిగానే, వినేవాళ్ళు లేకపోయినా: "దారిలో జాగ్రత్త అనవే."

వాన పడుతోంది ఇప్పుడు. గోడ ఇవతలి మొహం పొడిగా ఉంది. నీళ్ళు వాలు వెంబడి చక్కగా, ఒక్క చుక్క ఇటు రాకుండా, అవతలికి జారి, ఎవరూ కలుపు తియ్యని ఉల్లి మడిలో పడుతున్నాయి. బ్లగోయె ఒకసారి దారిన పోతూ ఆగి చూసి, "మంచి పని అక్కా, ఇన్ని వానలకు బీట కూడా పడలేదు," అన్నాడు.

తెల్లవారి లేచి గోస్పవ కిటికీ తెరుస్తుంది. అలవాటు. నడుం నొప్పిపుడుతున్నా బయటికి వంగి చూస్తుంది. తర్వాత కిటికీ మూసి, పరుపు చుట్టేసిన మంచం వైపు తిరిగి చెబుతుంది.

"రావటం లేదు."

ఆ తర్వాత పొయ్యి మీద కాఫీ పెట్టుకుంటుంది, ఒక్క కప్పుకు సరిపడా.